నేల కిందా, పాత స్టేషన్ మీదా: బుల్లెట్ రైలు స్టేషన్‌కు ఏది మేలు?

ముంబై–అహ్మదాబాద్ బుల్లెట్ రైలు మార్గం పొడవు 508 కిలోమీటర్లు. దానిలోని 12 స్టేషన్లలో నేల కింద కడుతున్నది ఒక్కటే, ముంబైలోని బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లో. అదే మార్గం అవతలి వైపున, అహ్మదాబాద్‌లో, కాలూపూర్ పాత స్టేషన్‌లోని 10, 11, 12 ప్లాట్‌ఫారాల పైన స్తంభాలు ఎత్తి కొత్త స్టేషన్‌ను నిలబెడుతున్నారు. రైలు ఒకటే, కట్టిస్తున్న సంస్థ ఒకటే, నగరాలను బట్టి స్టేషన్ల తీరు మాత్రం వేరు. నడినగరంలో స్టేషన్ ఎలా ఉండాలన్న ప్రశ్నకు పోల్చి చూడడానికి ఇంతకన్నా మంచి జత మన దేశంలో లేదు.

ఊరి చివర చౌకగా దొరికే భూమిలో కట్టడమనే మూడో దారి కూడా ఉంది కానీ, దాని సంగతి త్వరగానే తేలిపోతుంది. జపాన్‌లో తొహోకు షింకాన్సెన్ అనే బుల్లెట్ రైలు మార్గం 1982లో మొదలైనప్పుడు, తాత్కాలికంగానే అయినా, టోక్యో నడిబొడ్డుకు దాదాపు 30 కిలోమీటర్ల దూరంలోని ఒమియా నుంచి బయలుదేరేది. టోక్యో నగరంలోని ఉయెనో నుంచి అక్కడిదాకా ప్రయాణికులను చేరవేయడానికే ప్రత్యేకంగా మరో రైలు నడపవలసి వచ్చింది. 1985లో ఉయెనోలో నేల కింద నాలుగో అంతస్తులో స్టేషన్ తెరిచాక ఆ అవస్థ తీరింది. గంటకు 320 కిలోమీటర్ల వేగంతో మిగుల్చుకున్న సమయాన్ని ఊరి బయటి నుంచి ఇల్లు చేరే దారిలో పోగొట్టుకుంటే ఆ వేగం ఎవరికి అక్కరకు వస్తుంది?

బాంద్రా కుర్లాలో నేల కిందికి వెళ్లడానికి బలమైన కారణాలున్నాయి. అక్కడి భూమి దేశంలోకెల్లా ఖరీదైన వాటిలో ఒకటి. పైగా అక్కడి నుంచి శిల్‌ఫాటా దాకా 21 కిలోమీటర్ల మేర రైలు సొరంగంలోనే నడుస్తుంది, అందులో 7 కిలోమీటర్లు ఠాణే క్రీక్ అనే సముద్రపు పాయ నీటి కింద. స్తంభాల మీద వస్తే కిక్కిరిసిన బస్తీలనూ, మడ అడవులనూ, ఫ్లెమింగోలు వాలే బురద నేలలనూ దాటాల్సి వచ్చేది. అయితే దీనికి చెల్లిస్తున్న మూల్యం చిన్నదేమీ కాదు. తవ్వకం సుమారు 32 మీటర్ల లోతు, అంటే పదంతస్తుల మేడ మునిగేంత. తీయవలసిన మట్టి, రాయి 18 లక్షల ఘనపు మీటర్ల పైమాటే. పది ఘనపు మీటర్లు పట్టే టిప్పర్ల లెక్కన చూసినా, తవ్విన మట్టి పొంగే పరిమాణాన్ని కలపకుండానే, లక్షా ఎనభై వేల ట్రిప్పులు ఆ ఇరుకు రోడ్ల మీదుగానే పోవాలి.

ఇక లోతుకు దిగడం ప్రయాణికుడికి ఎంత భారమో చూద్దాం. ప్లాట్‌ఫారం సుమారు 26 మీటర్ల కింద ఉంటుంది. ముప్పై డిగ్రీల వాలుతో, సెకనుకు అర మీటరు వేగంతో కదిలే ఎస్కలేటర్ మీద నిలబడి దిగితే ఆ లోతు చేరడానికి 104 సెకన్లు పడుతుంది. తనిఖీ, మధ్య అంతస్తులో నడక కలిపినా కొన్ని నిమిషాల పని. ఊరి చివరి స్టేషన్ మింగే గంటతో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు, లిఫ్టులు ఎప్పుడూ పనిచేస్తూ ఉంటే.

నాకు అసలు బెంగ నీటి గురించే. బాంద్రా కుర్లా ఒకప్పుడు మిఠీ నది ఒడ్డున ఉన్న చిత్తడి నేల. 2005 జులై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన కురిసి ఆ నది పొంగడాన్ని ముంబై మరచిపోలేదు. పైనుంచి వచ్చే వరద ఒక ముప్పయితే కింది నుంచి వచ్చే ఊట మరొకటి. భూగర్భ జలంలో కూర్చున్న ఖాళీ కాంక్రీటు పెట్టె పడవలాగా పైకి తేలాలని చూస్తుంది. టోక్యోలో బోర్ల మీద ఆంక్షలు పెట్టాక నీటి మట్టం పెరగడంతో, ఉయెనో స్టేషన్ పైకి లేవకుండా దాని అడుగున ఇనుప దిమ్మెలు బరువుగా పెట్టవలసి వచ్చింది. అందుకే నేటి నీటి మట్టాన్ని చూసి కాక, యాభై ఏళ్ల తరువాత ఎంత పెరగవచ్చునో అంచనా వేసి కట్టాలి.

కాలూపూర్‌లో ఈ బెంగలు లేవు. గాలీ వెలుతురూ సహజంగా వస్తాయి, పొగ కమ్మినా జనం త్వరగా బయటపడగలరు. అన్నిటికన్నా ముఖ్యంగా, బుల్లెట్ రైలు దిగిన మనిషి మెట్లు దిగితే మామూలు రైళ్లు, పక్కనే మెట్రో అందుతాయి. కష్టమంతా కట్టే రోజుల్లోనే: పక్క పట్టాల మీద రైళ్లు నడుస్తుండగా, రాకపోకలు ఆపిన కొద్ది గంటల్లోనే బరువులెత్తాలి, పని సాగినన్నాళ్లూ ఆ ప్లాట్‌ఫారాలను వదులుకోవాలి.

కాబట్టి నా తీర్పు ఇది. నడినగరంలో రైల్వే స్థలం ముందే ఉండి, దాని పైన చోటుంటే పాత స్టేషన్ మీద కట్టడమే మేలు. ముంబైలో, సొరంగంలోంచే నగరంలోకి రావలసిన చోట, నేల కింద కట్టడం సరైన నిర్ణయం. కానీ అక్కడ తవ్వుతున్నవి ఆరు ప్లాట్‌ఫారాలు, రేపు ఏడోది కావాలంటే ఆ గోడలు జరగవు. మొదటి రోజే సరిగ్గా లెక్క కట్టవలసిన భారం నేల కింద కట్టేవారి మీద ఎక్కువ.

బాంద్రా కుర్లా స్టేషన్ పనిలో హైదరాబాద్‌కు చెందిన మేఘా సంస్థ భాగస్వామి. ముంబై–హైదరాబాద్ మార్గం కూడా ప్రతిపాదనల్లో ఉంది గనుక ఇదే ప్రశ్న మన ముందుకూ వస్తుంది. మన కింద ఉన్నది గ్రానైటు. గోడలకు బలమే కానీ, ఇళ్ల మధ్య దాన్ని పగలగొట్టడం తేలిక కాదు. సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ మూడూ నగరం లోపలే ఉన్నాయి. వాటి పట్టాల పైన ఎంత చోటుందో ముందు కొలవాలి, అది చాలదని తేలాకే తవ్వకం మాట ఎత్తాలి.