గోపాల్‌పూర్‌లో నాలుగు వాయిద్యాలు, ఒక జనరేటరు

ఒడిశా తీరంలోని గోపాల్‌పూర్‌లో రాత్రి కచేరీకి వెళ్లాలనుకునేవాళ్లు టికెట్ కంటే ముందు తేల్చుకోవలసింది పడక సంగతి. బరంపురంలో దిగాలా, సముద్రం ఒడ్డునే ఉండిపోవాలా? రెండు ఊళ్లకీ మధ్య పదహారు కిలోమీటర్లే. పగలైతే బస్సులు, షేరు ఆటోలు దొరుకుతూనే ఉంటాయి. రాత్రి తొమ్మిది దాటిందంటే మాత్రం ఆటోవాడు చెప్పిందే రేటు. మేం వెళ్లింది స్ట్రింగ్ క్వార్టెట్ వినడానికి. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో, అంతే. మైకుల్లేని సంగీతం. అలాంటిదానికి సిద్ధపడి వెళ్లామేమో, ఈ ప్రయాణంలో రూము, రోడ్డు, హాలు అన్నీ నాకు చప్పుడు లెక్కనే గుర్తుండిపోయాయి.

పర్లాకిమిడి నుంచి బరంపురానికి రెండు దారులు. మోహన, తప్తపాణి మీదుగా కొండల్లోంచి ఒకటి. పలాస వైపు దిగి జాతీయ రహదారి పట్టుకుని ఇచ్ఛాపురం దాటేది ఇంకొకటి. వెళ్లేటప్పుడు రెండోదే పట్టుకున్నాం, ఎందుకంటే నాతో వచ్చిన మావయ్యకి ఘాట్‌రోడ్డంటే కడుపులో తిప్పుతుంది. ఆయన విజయనగరం సంగీత కళాశాలలో ఫిడేలు నేర్చుకున్న మనిషి. 1919లో పెట్టిన కాలేజీ, ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ప్రిన్సిపాలుగా చేసిన చోటు. ఆ మాట ఎత్తితే ఇచ్ఛాపురం వచ్చేదాకా ఆపరు. "కుర్చీలో కూకొని గెడ్డం కింద పెట్టుకుని వాయించే ఫిడేలు మనకేటి ఎక్కుద్దిరా" అంటూనే అందరికంటే ముందు బ్యాగు సర్దుకున్నారు.

బరంపురంలో ఒడియా రాకపోయినా బతికెయ్యొచ్చు. పట్టుచీరల కొట్లలో, బడా బజారు సందుల్లో సగం బేరాలు తెలుగులోనే సాగుతాయి. వి.వి.గిరిగారు 1894లో పుట్టింది ఈ ఊళ్లోనే. టిఫిను విషయంలో నా ఓటు ఉప్మా మీద ఘుగుని పోసి ఇచ్చే బండ్లకే. ఉప్మా మనది, బటానీ కూర వాళ్లది, కలిపి తింటే మధ్యాహ్నం దాకా ఆకలి ఉండదు. అప్పడాలు, పచ్చళ్లు కొనాలనుకుంటే తిరుగు ప్రయాణంలో కొనండి, లేకపోతే ఆ నూనె సీసాలతో కచేరీ హాల్లో కూర్చోవాలి. బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో రూము చూశాం. శుభ్రంగానే ఉంది, చవక కూడా. కిటికీ తెరిస్తే హారన్లు, మూస్తే పక్క రూములో టీవీ. పదినిమిషాలు కూర్చుని బయటపడ్డాం.

గోపాల్‌పూర్‌లో వసతి అంటే మూడు మెట్లు. ఒకప్పటి ఒబెరాయ్ పామ్ బీచ్, ఇప్పుడది మేఫెయిర్. తోటలోంచి నడిచి నేరుగా ఇసకలోకి దిగొచ్చు గానీ మన జేబుకి అందదు. ప్రభుత్వ టూరిజం వాళ్ల పాంథనివాస్ ఉంది, ముందే బుక్ చేసుకున్నవాళ్లకే దక్కుతుంది. ఆ తర్వాత ఒడ్డు వెంబడి ప్రైవేటు లాడ్జీలు. మేం ఈ మూడో రకంలో ఒకటి "సీ ఫేసింగ్" అని ఫోన్లో డబ్బు కట్టి మరీ తీసుకున్నాం. వెళ్లి చూస్తే కిటికీ బయట నీళ్ల ట్యాంకు, దాని కింద జనరేటరు. సముద్రమేదని అడిగితే మేనేజరు ఏమాత్రం తొణక్కుండా "టెర్రస్ ఎక్కితే మొత్తం కనిపిస్తది సార్" అన్నాడు. దుప్పట్లు మాత్రం ఉతికినవి, వేడినీళ్లు అడిగిన టైముకి బకెట్లో వచ్చాయి. కింద పనిచేసే కుర్రాడిది మత్స్యకారుల కుటుంబం. ఒడియావాళ్లు నోళియా అని పిలిచే ఈ జనం ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఆ అబ్బాయి మర్యాద చూసి ఆ లాడ్జికి మనసులో ఒక మార్కు ఎక్కువేశాను. మేనేజరుని చూసి రెండు తీసేశాను.

కచేరీ హాలు ఒడ్డుకి కొంచెం లోపలికి, ఒక రిసార్టు ఆవరణలో ఉంది. పాతకాలపు ఎత్తైన కప్పు, రాతి నేల, రెండు వైపులా చెక్క తలుపులు. ఈ సంగీతానికి ఇంతకంటే మంచి గది ఈ చుట్టుపక్కల జిల్లాల్లో వెతికినా దొరకదేమో. నిర్వాహకులు అలవాటు కొద్దీ వేదికకి అటొకటి ఇటొకటి పెళ్లి సౌండ్‌బాక్సులు పెట్టించారు. వాయించేవాళ్లు వచ్చి, నవ్వుతూనే, వాటి వైర్లు పీకించేశారు. తర్వాత ఫ్యాన్లు ఆపమన్నారు. అక్కడ మొదలైంది గొడవ. వెనక వరసలో ఒకాయన "డబ్బు పుచ్చుకుని ఉక్కబోతలో కూచోబెడతారా?" అని లేచి నిలబడ్డాడు. ఫ్యాను గాలికి నొటేషన్ కాగితాలు ఎగిరిపోతున్నాయని ఎవరో సర్దిచెప్పారు. చివరికి రాజీ ఏమిటంటే వేదిక మీద ఫ్యాన్లు బంద్, వెనక రెండు తిరగాలి, కాగితాలకి బట్టల క్లిప్పులు పెట్టాలి. ఒక్కో స్టాండుకి రంగురంగుల ప్లాస్టిక్ క్లిప్పులు, రిసార్టు లాండ్రీ నుంచి తెచ్చినవి.

ముందు వరసలో కూర్చోవడం వల్ల ఇంకోటి కూడా చూశాను. సముద్రపు తేమకి కమానులోని గుర్రపు వెంట్రుకలు సాగి వదులైపోతాయి. రెండో వయొలిన్ అమ్మాయి ప్రతి భాగం అయ్యాక కమాను మొదట్లో ఉన్న మరని ఒక పిసరు తిప్పి బిగించుకుంటోంది, మెడ మీద చెమట రుమాలుతో అద్దుకుంటోంది. శృతి చేసుకుంటున్నప్పుడు మావయ్య నా మోచెయ్యి పొడిచారు. "మన స-ప-స-ప కాదురా. తీగకీ తీగకీ మధ్య పంచమమే పెట్టుకున్నారు, నాలుక్కీ అంతే." ఆయన అప్పటికే సంగీతం లోపలికి వెళ్లిపోయారని నాకర్థమైంది.

కార్యక్రమాన్ని కూర్చిన తీరు నాకు బాగా నచ్చింది. మొదట ఆస్ట్రియా స్వరకర్త హైడన్ 1799లో రాసిన ఓపస్ 77లో (ఓపస్ అంటే రచనల సంపుటి సంఖ్య) రెండో క్వార్టెట్, ఆయన పూర్తిచేసిన ఆఖరిది. దాని వెంటనే, విరామం లేకుండా, కారొలైన్ షా అనే అమెరికన్ స్వరకర్త 2011లో రాసిన "ఆంత్రాక్ట్". ఈ రెంటినీ పక్కపక్కన పెట్టడానికి కారణం ఉంది. షా ఒక కచేరీలో సరిగ్గా ఈ హైడన్ క్వార్టెట్‌నే విని, అందులో మినుయెట్ అనే నాట్యపు నడక భాగం తన మధ్యభాగంలోకి తిరిగే మలుపు మనసులో పడిపోయి, దాన్నుంచే తన రచన అల్లుకుంది. 2013లో పులిట్జర్ సంగీత బహుమతి వచ్చింది ఈమెకే, ముప్పై ఏళ్ల వయసులో.

హైడన్ మినుయెట్ మూడు మాత్రల నడక. కానీ ఒత్తులు రెండేసి మాత్రలకి పడేట్టు రాసి వినేవాణ్ని తికమకపెడతాడు. మావయ్య తొడ మీద తాళం వేస్తూ వేస్తూ ఆగిపోయారు, మళ్లీ ఎత్తుకున్నారు, మళ్లీ తప్పారు. "తిశ్రం అంటాడు, చతురశ్రం వాయిస్తాడు, దొంగ" అని గొణిగారు. మధ్యభాగం రాగానే అంతా ఒక్కసారి చల్లబడి, గొంతు తగ్గించి ఇంకేదో లోకంలో మాట్లాడినట్టుంటుంది. తర్వాత వచ్చే నెమ్మది భాగం మొదటి వయొలిన్, చెల్లో ఇద్దరి మధ్యే మొదలవుతుంది. మధ్యలో ఉన్న ఇద్దరూ వాయిద్యాలు ఒళ్లో పెట్టుకుని ఊరికే వింటున్నారు. కర్ణాటక కచేరీలో ఒకరు పాడుతుంటే పక్కవాళ్లు తల ఊపినట్టు వీళ్లు ఊపరు, మొహంలో కదలికే ఉండదు. అది మాత్రం నాకు కొంచెం వెలితిగానే అనిపించింది.

షా రచన హైడన్ భాషలోనే మొదలవుతుంది, ఎక్కడా కొత్తది అని భయపెట్టదు. కాసేపటికి స్వరం కరిగిపోయి తీగ మీద కమాను రాసుకునే ఊపిరిలాంటి సవ్వడి మాత్రం మిగులుతుంది. ఇక్కడే వెనక ఫ్యాన్ల రాజీ బెడిసికొట్టింది. ఆ గరగర ముందు ఈ సవ్వడి సగం వినిపించలేదు. ఎవరో పుణ్యాత్ముడు లేచి, ఎవర్నీ అడక్కుండా వెళ్లి స్విచ్ ఆపేశాడు. తిరిగి చూస్తే ఇందాక ఉక్కబోత అని లేచినాయనే! చివర్లో చెల్లో ఒక్కటే మిగిలి, కమాను పక్కన పెట్టి, తీగల్ని వేళ్లతో మీటుతూ ముగిస్తుంది. మావయ్యకి అది వీణ. వేరే మాట వినరు.

విరామంలో టీ బాగుంది, సమోసా చల్లారిపోయింది, మరుగుదొడ్డి ఒక్కటే. నూట యాభైమంది వచ్చే కార్యక్రమానికి అది చాలదు. టికెట్ మూడొందలు తీసుకున్నవాళ్లు ఆ మాత్రం చూసుకోవాల్సింది.

రెండో సగం మొత్తం రష్యన్ స్వరకర్త షొస్టకోవిచ్ ఎనిమిదో క్వార్టెట్. 1960లో డ్రెస్డెన్ దగ్గర మూడు రోజుల్లో రాశాడు, ఫాసిజానికీ యుద్ధానికీ బలైనవాళ్లకి అంకితం. తన పేరులోని అక్షరాల్ని జర్మన్ పద్ధతిలో నాలుగు స్వరాలుగా మార్చి, అదే వరసతో మొదలెట్టి, అయిదు భాగాల్లోనూ తిప్పుతాడు. నేను ఇది చెప్పగానే మావయ్య కుర్చీలో ముందుకి జరిగారు. పాటలోని అక్షరమే స్వరమయ్యే స్వరాక్షరం మనకి తెలుసు, పాటలో తన గుర్తుగా పెట్టుకునే వాగ్గేయకారుడి ముద్ర మనకి తెలుసు. "దీక్షితులవారి గురుగుహ లాగన్నమాట. ఈయన రెంటినీ ఒకటే చేసీసేడు" అన్నారు. భాగాల మధ్య ఎక్కడా ఆగరు కాబట్టి చప్పట్లు ఎప్పుడు కొట్టాలన్న టెన్షన్ కూడా లేదు. నాలుగో భాగంలో మొదటి వయొలిన్ ఒకే స్వరం పట్టుకుని ఉంటే మిగతా ముగ్గురూ మూడు దెబ్బలు కొడతారు, అర్ధరాత్రి తలుపు తట్టినట్టు. ముందు వరసలో చిన్నపిల్ల ఒకతె వాళ్లమ్మ కొంగు పట్టుకుంది. ఆ రాతిగదిలో ఆ దెబ్బలు ఎంత గట్టిగా వినిపించాయో చెప్పలేను. సౌండ్‌బాక్సులు పీకించడం ఎంత మంచిపనో అప్పుడర్థమైంది.

అంత బరువుతో పంపించడం ఇష్టం లేదేమో, ఆఖర్న అదనంగా హైడన్ 1781లో రాసిన ఓపస్ 33లో రెండో క్వార్టెట్ ముగింపు వాయించారు. దానికి "జోక్" అని పేరుంది, ఎందుకో చివర్లో తెలుస్తుంది. పాట అయిపోయినట్టే ఆగుతుంది, మళ్లీ నాలుగు స్వరాలు వస్తాయి, మళ్లీ నిశ్శబ్దం. బరంపురం కాలేజీ కుర్రాళ్లు చప్పట్లు కొట్టి నాలిక్కరుచుకున్నారు, మళ్లీ కొట్టారు, మళ్లీ దొరికిపోయారు. నిజంగా ముగిసినప్పుడు ఒక్కరూ కొట్టలేదు. వాయించేవాళ్లే నవ్వు ఆపుకోలేక లేచి నిలబడాల్సి వచ్చింది. ఇందాక నేను అన్న వెలితి అక్కడ తీరిపోయింది.

బయటికొచ్చేసరికి ఒడ్డున వేపుడు చేపల బండ్లు కట్టేస్తున్నారు. ఒక్కటి మాత్రం దొరికింది, చందువ బాగుంది, రేటు ముందే మాట్లాడుకోండి. బరంపురం వెళ్లాల్సినవాళ్లు ఆటోకి ఆరేడొందలు ఇచ్చుకున్నారని తర్వాత తెలిసింది. మేం నడిచి లాడ్జికి చేరాం. పదకొండుకి కరెంటు పోయింది, కిటికీ కింద జనరేటరు అందుకుంది. చాపలు పట్టుకుని టెర్రస్ ఎక్కాం. మేనేజరు చెప్పింది నిజమే, సముద్రం మొత్తం కనిపించింది.

పొద్దున లైట్‌హౌసు చూశాం, 1871 నాటిది. పైకి సందర్శకుల్ని సాయంత్రం కొద్దిసేపే ఎక్కనిస్తారు కాబట్టి కింద నుంచే. దాని పక్కన ఒకప్పటి ఓడరేవు గోడౌన్ల శిథిలాలున్నాయి, రంగూన్‌కి జనం ఓడలెక్కిన రోజులవి. బోర్డు ఒక్కటి పెట్టినా బాగుండు. అల ఇక్కడ లోపలికి లాగుతుంది, ఈతకి దిగొద్దని నోళియా పెద్దాయన మాకు తెలుగులోనే గట్టిగా చెప్పాడు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను తీరం దాటింది ఈ పక్కనే, ఆయన మాట వినడమే మంచిది.

తిరుగు ప్రయాణానికి మావయ్య మాత్ర వేసుకుని మరీ కొండదారికే ఒప్పుకున్నారు. తప్తపాణిలో గంధకం వాసన వేసే వేడినీళ్ల గుండం ఒక్కసారి చూడ్డానికి ఫరవాలేదు. చంద్రగిరి దగ్గర కాస్త పక్కకి వెళ్తే 2010లో దలైలామా ప్రారంభించిన జీరంగ్ బౌద్ధ విహారం ఉంది, దానికి మాత్రం పూట కేటాయించండి. మోహన దాటాక మావయ్య నా ఫోన్ లాక్కుని "ఆ జోకుదెక్కడుందో పెట్టరా, ఆ మూడు దెబ్బలది ఒద్దు" అన్నారు. ఆ ఘాట్లో సిగ్నల్ ఎక్కడిది, పర్లాకిమిడి వచ్చేదాకా ఆయన నన్ను అడుగుతూనే ఉన్నారు.