బండల ఫ్యాక్టరీలో మేనేజ్డ్ స్విచ్: పోర్టు లెక్కలు చూపించినందుకు దండం

తాడిపత్రిలో మా బండల పాలిష్ ఫ్యాక్టరీకి ఈ 24 పోర్టుల మేనేజ్డ్ స్విచ్ (సిస్టంలను కేబుళ్లతో కలిపే, లోపలి సెట్టింగులు మనం చూసి మార్చుకోగల డబ్బా) వేసి చాన్నాళ్లయింది. గిగాబిట్, వీలాన్ సంగతులు డబ్బా మీదే రాసుంటాయి, వాటి జోలికి పోను. ఇది నన్ను కట్టిపడేసింది ఒక్క విషయంలో: ఒక్కో పోర్టులో లోపల ఏం జరుగుతోందో దాచకుండా చెబుతుంది.

మా కాటా రూము గేటు దగ్గర. ఆఫీసు నుంచి 100 మీటర్లు దాటుతుంది, కాబట్టి రాగి కేబుల్ కుదరదు. ఫైబర్ లాగి రెండు వైపులా మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ను రాగి కేబుల్‌కు కలిపే డబ్బాలు) పెట్టారు. కాటా సిస్టం నుంచి పింగ్ (అవతలి సిస్టం పలుకుతోందా అని చూసే చిన్న పరీక్ష) కొడితే బ్రహ్మాండంగా వస్తుంది, బిల్లు తెరిస్తే మాత్రం తిరుగుతూనే ఉంటుంది. లోడు లారీ కాటా మీద, వెనక ఇంకో లారీ హారను, గుమస్తా ఫోను: "నెట్టు సచ్చిపాయనా, యాడుండావు?" నెట్టుకూ దీనికీ సంబంధమే లేదు, సర్వరు ఆఫీసులోనే ఉంది. పాత మామూలు స్విచ్ ఉన్న రోజుల్లో ఈ జబ్బుకు సిస్టం మార్చారు, కేబుళ్లు మార్చారు, విండోస్ కూడా మళ్లీ ఎక్కించారు.

ఇది వచ్చాక ఆ పోర్టు మీద షో ఇంటర్‌ఫేస్ అనే కమాండు కొట్టి చూశా. 100 ఎంబీపీఎస్, హాఫ్ డూప్లెక్స్, అంటే ఒకసారికి ఒకవైపే మాట; ఫుల్ అయితే రెండు వైపులా ఒకేసారి. కింద లేట్ కొలిజన్ల (ప్యాకెట్లు ఆలస్యంగా ఢీకొన్న లెక్క) అంకె, ఫైలు కాపీ పెట్టినప్పుడల్లా ఎగబాకుతోంది. కన్వర్టరు తిప్పి చూస్తే అడుగున బుల్లి డిప్ స్విచ్చులు, 100 ఫుల్ మీద బిగించి ఉన్నాయి. అలా ఒకవైపు బిగించేస్తే ఆటోలో (తనంతట తానే కుదుర్చుకునే పద్ధతిలో) ఉన్న రెండో వైపు వేగాన్ని పసిగడుతుంది గానీ డూప్లెక్స్ తెలియక హాఫ్‌కు దిగిపోతుంది. హాఫ్ వైపు లైను ఖాళీ కోసం ఆగుతుంది, ఫుల్ వైపు ఎప్పుడు పడితే అప్పుడు పంపుతుంది, రెండూ కొట్టుకుంటాయి. పింగ్ చిన్న ప్యాకెట్టు, అదీ సెకనుకొకటి, తప్పించుకుని పోతుంది. పెద్ద ఫైలు దగ్గరే బండారం బయటపడేది. స్పీడ్ 100, డూప్లెక్స్ ఫుల్ అని రెండు లైన్లు కొట్టి కౌంటర్లు చెరిపేశా. ఇక సున్నా కదల్లేదు. గుమస్తా ఫోనూ రాలేదు.

అప్పట్లో ఈ బిగింపును కనపడిన వాళ్లందరి దగ్గరా పొగిడాను. ఇప్పుడు కాస్త తగ్గించి చెబుతున్నా. పిడుగుల వానకు కన్వర్టరు పోతే ఎలక్ట్రీషియన్ షాపులో దొరికింది తెచ్చి పెట్టాడు. అది ఆటో. ఈసారి స్విచ్ ఫుల్, అవతల హాఫ్. బాధ అదే, అంకెలు మాత్రం వేరు: లేట్ కొలిజన్లు లేవు, సీఆర్‌సీ ఎర్రర్లు (చెడిపోయి వచ్చిన ప్యాకెట్లు), రంట్లు (తెగిపోయిన చిన్న ముక్కలు) కుప్పలు. పోర్టును మళ్లీ ఆటోకు తెస్తేనే సర్దుకుంది. ఇప్పుడు ఆ పోర్టు పక్కన వివరం రాసుకునే డిస్క్రిప్షన్‌లో "కాటా, రెండు వైపులా ఆటో, బిగించొద్దు" అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసిపెట్టాం. రాగి మీద గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) లింకుకు ఈ పేచీ లేదు, దానికి ఆటో నెగోషియేషన్, అంటే ఆ ఆటో పద్ధతే, తప్పనిసరి.

కేబుల్ టెస్టు కూడా బాగుంది. ఎలుక కొరికిన కెమెరా కేబుల్లో ఏ జత ఎంత దూరంలో తెగిందో మీటర్లలో చెప్పింది. కొన్ని మీటర్లు అటూ ఇటూ అనుకోండి. టెస్టు నడిచేటప్పుడు లింకు పడిపోతుంది, అందుకే పని వేళల్లో దాని జోలికి పోను.

విసిగించేవీ ఉన్నాయి. వెబ్ పేజీలో అప్లై నొక్కితే చాలదు, విడిగా సేవ్ చేయకపోతే కరెంటు పోయి వచ్చాక పాత సెట్టింగులే. ఫ్యాను సంగతి చెప్పనక్కర్లేదు. బండల పొడి రెక్కలకు గట్టిగా పట్టేస్తుంది, మే నెలలో దాని గోల పక్క గదికి వినిపిస్తుంది.

నలుగురు కూర్చునే ఆఫీసుకు దీనిమీద డబ్బు పెట్టమని చెప్పను. మాకు గేటు దూరం, పైగా కమాండు లైనంటే భయం లేనివాణ్ణి నేనొకణ్ణి ఉన్నా. నేను ఊళ్లో లేనినాడు ఆ అంకెలు చూసే నాథుడు లేడు, ఆరోజు ఇదీ పాత డబ్బా ఒకటే. మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కంపెనీలో ఫ్యాను లేని మోడల్ అడుగుతా, ధర మా యజమాని ఒప్పుకునేలా ఉంటే.