ఇరుకు గ్యారేజీలో బైకు డాలీ: ఎంతోకాలం వాడాక నా సమీక్ష

కారు కూడా ఉండే గ్యారేజీలో బైకుకు దక్కేది గోడ పక్కన మిగిలిన సన్నని చోటే. బైకు ముందుకు పోతుంది, వెనక్కు వస్తుంది, పక్కకు మాత్రం అంగుళం కూడా జరగదు. అందుకే చోటున్నా అందులోకి చేర్చడం కుదరదు. మధ్యస్థాయి బైకు పొడవు దాదాపు 2.1 మీటర్లు, హ్యాండిల్ దగ్గర వెడల్పు 0.8 మీటరు. నిలపడానికి ఆ మేర చాలు. కానీ ఒకే మలుపులో వెనక్కు తిప్పాలంటే పెద్ద బైకులకు ఐదు మీటర్లకు పైగా వెడల్పు కావాలి. కారు నిలిపి ఉన్న గ్యారేజీలో అంత జాగా ఎక్కడుంటుంది? చక్రాల డాలీ, అంటే బైకును పైన నిలిపి ఎటైనా దొర్లించగల చట్రం, ఈ లెక్కను మార్చేస్తుంది. దాని మీదికి ఎక్కించిన బైకు ఉన్నచోటే తిరుగుతుంది. అందుకు కావలసింది ఒక మూల నుంచి ఎదుటి మూలకు కొలిచిన పొడవు మాత్రమే, అంటే సుమారు 2.25 మీటర్లు. తిరిగాక గోడ వైపుకు అడ్డంగా జరపవచ్చు.

దీన్ని చాలాకాలంగా, దాదాపు రోజూ వాడుతున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. నేల నున్నగా, గట్టిగా ఉంటే ఇరుకు గ్యారేజీకి ఇంతకన్నా పనికొచ్చే వస్తువు నాకు తెలియదు. నేల పగిలి, గుంటలు పడి ఉంటే మాత్రం ఎంత గొప్ప డాలీ తెచ్చినా దండగే. కొనాలనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది అది ఎన్ని కిలోలు మోస్తుందని. మీ గ్యారేజీ నేల ఎలా ఉందని నేను ఎదురు ప్రశ్న వేస్తాను.

నాది పట్టాల రకం. పట్టా అంటే పొడవైన ఉక్కు కాలువ, అందులో రెండు టైర్లూ కూర్చుంటాయి. ఎడమవైపు సైడ్ స్టాండు ఆనడానికి జరుపుకోగలిగిన పలక ఒకటి ఉంటుంది. పట్టాకు రెండు పక్కలా, పలక కింద అన్ని దిక్కులకూ తిరిగే క్యాస్టర్ చక్రాలు ఉంటాయి. చక్రాలు పక్కలకు ఉండటం వల్ల పట్టా నేలకు బాగా దగ్గరగా వేలాడుతుంది, బైకును ఎక్కించడం సులువవుతుంది. సెంటర్ స్టాండు కింద పెట్టే పొట్టి రకాలు కూడా దొరుకుతాయి. వాటిని పని అయ్యాక గోడకు చేరవేసి పెట్టుకోవచ్చు. కానీ బరువైన బైకును పలక మీద సెంటర్ స్టాండుకు ఎత్తడం అందరి వల్లా అయ్యే పని కాదు. పైగా చాలా బైకులకు సెంటర్ స్టాండే ఉండదు.

ఇవన్నీ ఎందుకు, బైకును సైడ్ స్టాండు మీదికి వాల్చి, చక్రాలు నేల వదిలేలా లేపి గిర్రున తిప్పేయవచ్చు కదా అనేవాళ్లున్నారు. చూడటానికి అది బాగానే ఉంటుంది. అయితే సైడ్ స్టాండు ఉన్నది నిలబడిన బైకు బరువులో కొంత భాగాన్ని మోయడానికి. మొత్తం బరువును దాని మీద వేసి మెలితిప్పితే స్టాండు, దాన్ని బిగించిన బోల్టు, ఆ బోల్టు పట్టుకున్న చోటు అన్నీ నలుగుతాయి. ఇష్టపడి కొనుక్కున్న బండిని రోజూ అలా హింసించడానికి నాకు మనసొప్పదు.

ఇక నేల సంగతి. క్యాస్టర్ చక్రానికి అసలైన శత్రువు బరువు కాదు, చిన్న రాయి. 50 మిల్లీమీటర్ల వ్యాసమున్న చక్రం ఆగి ఉన్న స్థితి నుంచి 5 మిల్లీమీటర్ల రాయిని ఎక్కాలంటే, ఆ చక్రం మీదున్న బరువులో ముప్పావు వంతు బలంతో అడ్డంగా తోయాలి. చక్రం మీద 40 కిలోలు ఉన్నాయనుకుంటే 30 కిలోల తోపు. అదే చక్రం 100 మిల్లీమీటర్లదైతే బరువులో సగం కన్నా తక్కువ, అంటే 20 కిలోల లోపు సరిపోతుంది. నున్నటి నేల మీద ఒక్క చేత్తో జరిగే డాలీ, ఇసుక రేణువు కన్నా కాస్త పెద్దది తగిలితే గోడలా నిలిచిపోవడానికి కారణం ఇదే. నేను బైకు కదిపే ముందు చీపురు పట్టడం అలవాటు చేసుకున్నాను. బయటి నుంచి టైర్లకు అంటుకొచ్చే కంకర ముక్కలే ఎక్కువ ఇబ్బంది పెడతాయి.

కాంక్రీటు నేలలో పగుళ్లు అదుపులో ఉండాలని కోసి వదిలే గీతలు మరో చిక్కు. రంపంతో కోసిన సన్నని గీతను చక్రం పట్టించుకోదు. పాతకాలపు వెడల్పాటి గీతలో మాత్రం దిగబడుతుంది, అదీ గీత వెంబడే వెళ్తుంటే మరీనూ. వాటిని సీలెంటుతో నేలకు సమంగా నింపించాక నా డాలీ నడక పూర్తిగా మారిపోయింది. డాలీకి పెట్టిన డబ్బు కన్నా ఈ చిన్న మరమ్మతు వల్లే నాకు ఎక్కువ ఫలితం దక్కిందని నమ్ముతాను. టైల్స్ వేసిన నేల అయితే తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చిన చోట టైలు కింద సిమెంటు సరిగా అంటుకోలేదని అర్థం. బైకు బరువంతా కొన్ని చిన్న చక్రాల అంచుల మీద పడుతుంది కాబట్టి అలాంటి టైలు పగలవచ్చు.

మోసే శక్తి విషయంలో కూడా ఒక మాట. కుర్చీకి నాలుగు కాళ్లున్నా ఎగుడుదిగుడు నేలపై మూడే ఆనినట్టు, డాలీ చక్రాల్లో ఏ క్షణానైనా కొన్ని గాలిలో ఉండవచ్చు. ఒక్కో చక్రం సామర్థ్యాన్ని మొత్తం చక్రాల సంఖ్యతో గుణించి ధైర్యపడకూడదు. పైగా బైకు బరువంటే కరపత్రంలో రాసిన ఉత్త బరువు కాదు. పెట్రోలు లీటరుకు దాదాపు ముప్పావు కిలో తూగుతుంది కాబట్టి 15 లీటర్ల ట్యాంకు నిండితేనే 11 కిలోలు పెరుగుతుంది. పక్క పెట్టెలు, క్రాష్ గార్డు అదనం. నాది అవసరానికి దాదాపు రెట్టింపు మోసే రకం, అందుకే ఇంతకాలానికీ పట్టా వంగలేదు. కాలువ వెడల్పును కూడా చూసుకోండి. టైరు పక్కన అచ్చువేసిన అంకెల్లో మొదటిది మిల్లీమీటర్లలో వెడల్పు. 180 అని ఉన్న వెనక టైరు ఇరుకు కాలువలో ఇరుక్కుంటుంది.

కొనేటప్పుడు ఎవరూ ఆలోచించనిది బయటికి తీసే దిక్కు. బైకును తలుపు వైపు నుంచి ముందుచక్రంతో ఎక్కిస్తాం. డాలీని తిప్పి బైకు ముఖాన్ని తలుపుకు పెడతాం. ఇప్పుడు ర్యాంపు ఉన్న కొస గ్యారేజీ లోపలికి తిరిగి ఉంటుంది! బైకును వెనక్కు దించడానికి లోపల చోటుండదు. ముందుచక్రాన్ని ఆపే అడ్డు శాశ్వతంగా వెల్డు చేసి ఉన్న డాలీలతో ఈ పేచీ తప్పదు. మళ్లీ తిప్పి వెనక్కు దించాలి, అప్పుడు తిప్పిన శ్రమంతా వృథా. నా డాలీలో ఆ అడ్డు ఒక పిన్నుతో ఊడివస్తుంది, ర్యాంపు రెండు కొసలకూ తగులుతుంది. ఉదయం అడ్డు తీసి, ర్యాంపు తగిలించి, ముందుకే నేరుగా దించేస్తాను. ఈ ఒక్క సౌకర్యం లేకపోతే దీన్ని ఇన్నాళ్లు వాడేవాణ్ణి కాదేమో.

ఎక్కించడంలో ఒక క్రమం ఉంది, దాన్ని తప్పకూడదు. మొదట డాలీ చక్రాలన్నింటి బ్రేకులూ వేయాలి. లేకుంటే టైరు ర్యాంపు తాకగానే డాలీ ముందుకు జారిపోతుంది. ఇంజను ఆపి, బైకుకు ఎడమపక్కన నడుస్తూ, కుడిచేయి ముందు బ్రేకుకు అందేలా చూసుకుని తోయాలి. సైడ్ స్టాండు పలక సరిగ్గా మన అడుగు పడే చోటే ఉంటుంది, దాని మీద కాలు పెట్టి దాటాలి. తడి బూట్లతో జారుతుంది కాబట్టి నేను పలక మీద గరుకు పట్టీ అంటించాను. స్టాండు పూర్తిగా ముందుకు వేసి, మొదటి గేరులో ఉంచితే కాలువలో బైకు ముందూ వెనకా ఊగదు. డాలీ మీద ఉండగా బైకెక్కి కూర్చుని స్టాండు తీయడం మాత్రం ఎప్పుడూ చేయకండి. కాళ్లు ఆన్చడానికి చక్రాల మధ్య సరైన చోటుండదు.

తోసేటప్పుడు చెయ్యి ఎక్కడ పెడుతున్నామన్నదే భద్రతంతా. హ్యాండిల్ పట్టుకుని తోయాలని అనిపిస్తుంది, అది ప్రమాదం. బైకు ఎడమకు, స్టాండు మీదికి వాలి ఉంటుంది. ఎడమ నుంచి కుడికి పైభాగాన్ని తోస్తుండగా కింద చక్రానికి రాయి అడ్డుపడితే డాలీ ఆగుతుంది, బైకు మాత్రం ఆగదు. నిటారుగా లేచి కుడివైపుకు పడిపోతుంది, ఆ వైపు ఆపే స్టాండు లేదు. అందుకే వీలైనంత కిందుగా, ఫుట్‌రెస్టు దగ్గర గానీ పట్టా అంచును గానీ పట్టి నెమ్మదిగా జరపాలి. ఇంకో సంగతి, దిక్కు మార్చినప్పుడు క్యాస్టర్లన్నీ తమ నిలువు ఇరుసు చుట్టూ వెనక్కు తిరుగుతాయి. ఆ క్షణంలో డాలీ కాస్త పక్కకు కుదుపుతుంది. బలంగా లాగకుండా, చక్రాలు సర్దుకునేదాకా మెల్లగా కదిపి, ఆ తర్వాతే వేగం పెంచుతాను. గోడకు నేను ఎప్పుడూ బైకు కుడిపక్కనే ఆనిస్తాను. అద్దం మడిస్తే అరచేయి పట్టేంత ఎడంలోకి వెళ్తుంది. స్టాండున్న వైపు మనిషి నిలబడే చోటు మిగులుతుంది.

గ్యారేజీ నేల నీళ్లు బయటికి పోవడానికి తలుపు వైపుకు కొంచెం వాలుగా ఉంటుంది. మీటరుకు రెండు సెంటీమీటర్ల వాలు కంటికి ఆనదు. బైకూ డాలీ కలిపి 220 కిలోలైతే ఆ వాలు నాలుగు కిలోలకు పైగా బలంతో కిందికి లాగుతూనే ఉంటుంది. మంచి బేరింగులున్న చక్రాలకు కదలడానికి అదే చాలు. కాబట్టి బ్రేకు వేయని డాలీని ఒక్క నిమిషం కూడా వదలను, ఇంట్లో పిల్లలుంటే మరింత జాగ్రత్త అవసరం. బ్రేకుల్లో చక్రం తిరగడాన్ని మాత్రమే ఆపేవి కొన్ని, చక్రంతో పాటు నిలువు ఇరుసు తిరుగుడును కూడా బిగించేవి కొన్ని. మొదటి రకంతో డాలీ ఉన్నచోటే అటూ ఇటూ ఊగుతుంది. రెండో రకమే తీసుకోండి.

దొంగతనం గురించి చెప్పకుండా వదలలేను. డాలీ మీదున్న బైకుకు హ్యాండిల్ తాళం, గేరు రెండూ కాపలా కావు, ఎవరైనా మొత్తాన్ని దొర్లించుకు పోవచ్చు. నేను గోడకు కొక్కెం బిగించి, ఫ్రేము గుండా గొలుసు వేసి తాళం పెడుతున్నాను.

కాలం గడిచాక బయటపడినవి కొన్ని ఉన్నాయి. వానలో తడిసి వచ్చిన బైకు నుంచి కారే నీళ్లు కాలువలో నిలిచి, ర్యాంపు కొక్కెం రాసుకునే అంచు దగ్గర రంగు లేచి తుప్పు మొదలైంది. దాన్ని గీకి ప్రైమరు పూశాను, కాలువ అడుగున నీళ్లు పోయే రంధ్రాలు వేయించాను. క్యాస్టర్ల ఇరుసుల్లో వెంట్రుకలు, దారాలు చుట్టుకుంటాయి. అప్పుడప్పుడు బైకు దించినప్పుడు తిరగేసి తీసేసి గ్రీజు పెడితే చాలు. బోల్టులు వదులవుతుంటాయి, ముఖ్యంగా సైడ్ స్టాండు పలకవి. నైలాన్ చక్రాలు తేలిగ్గా దొర్లినా చప్పుడు ఎక్కువ, పొద్దున్నే ఇల్లంతా లేస్తుంది. రబ్బరువి బరువు కింద అణిగి మొదటి తోపును కష్టం చేస్తాయి, నేల మీద మరకలు కూడా వదులుతాయి. పాలీయురేథేన్ చక్రాలు ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి. నా ఓటు వాటికే.

నా చక్రాలు 75 మిల్లీమీటర్లవి, త్వరలో 100 మిల్లీమీటర్లవి వేయించబోతున్నాను. దాంతో పట్టా మరింత పైకి లేస్తుంది, ఇప్పుడున్న ర్యాంపు నిటారుగా మారి ఇంజను అడుగు తగిలే అవకాశం ఉంది. అందుకని చక్రాలతో పాటే పొడవైన ర్యాంపు కూడా చేయిస్తున్నాను.