లేజర్ టాకోమీటర్: డ్రైవ్‌లో 50, మీటర్‌లో 24

మాది మిర్యాలగూడ వైపు ఒక బాయిల్డ్ రైస్ మిల్లు. మోటార్లు, ఎలివేటర్లు, డ్రయ్యర్ బ్లోయర్లు, ఒక డీజిల్ జనరేటర్, వీటన్నిటి కరెంటు పని నాది. తిరిగేవాటి వేగం కొలవడానికి ఆన్‌లైన్‌లో పన్నెండు వందల లోపు ధరకు ఈ లేజర్ టాకోమీటర్ తెప్పించాను. ఇదే ఆకారంలో, ఇవే మీటలతో నాలుగైదు పేర్ల మీద అమ్ముతున్నారు. లోపలి సరుకు అంతా ఒకటేనని నా అనుమానం, అందుకని పేరు రాయడం లేదు. ఐదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను.

పెట్టె మీద రాసింది ఇది: నిమిషానికి 2.5 చుట్ల నుంచి 99,999 చుట్ల వరకు కొలుస్తుంది, 5 నుంచి 50 సెంటీమీటర్ల దూరం నుంచి పట్టుకోవచ్చు, తేడా 0.05 శాతం. ఈ ధరకు ఇంత ఖచ్చితమా అని మీకు సందేహం వస్తే, పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. పాత చోక్ ట్యూబులైటు వైపు మీటర్‌ను తిప్పి మీట నొక్కండి. 6,000 దగ్గర నిలబడాలి. 50 హెర్ట్జ్ కరెంటు ఒక్కో సైకిల్‌లో రెండుసార్లు శిఖరానికి వెళ్తుంది, కాబట్టి చోక్ ట్యూబు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. దాన్ని 60తో గుణిస్తే నిమిషానికి 6,000. వెలుగు షాఫ్టు (తిరిగే ఇరుసు) మీద మనం అంటించే మెరిసే టేపు నుంచి వచ్చిందా, ట్యూబు నుంచి వచ్చిందా అన్నది మీటర్‌కు తెలియదు, అది మినుకులు లెక్కపెడుతుంది అంతే.

నా మీటర్ ఒకసారి 5,994, ఇంకోసారి 6,003 చూపింది. దీన్ని చూసి మీటర్‌ను తిరగ్గొట్టకండి. మన దేశంలో గ్రిడ్ ఫ్రీక్వెన్సీ ఉండవలసిన హద్దులు 49.90 నుంచి 50.05 హెర్ట్జ్. అంటే ట్యూబులైటు దగ్గర 5,988 నుంచి 6,006 దాకా ఏది కనిపించినా మామూలే. మంచి ఎల్‌ఈడీ ట్యూబు అలా మినుకదు కనుక దాని దగ్గర ఈ పరీక్ష కుదరదు. దీనికి రెండో వైపు కూడా చూసుకోవాలి. చోక్ లైటు కింద మెరిసే షాఫ్టును కొలిచేటప్పుడు ఉన్నట్టుండి 6,000 వస్తే అది షాఫ్టు వేగం కాదు, లైటుది. చేయి అడ్డం పెట్టి మళ్లీ కొలవండి.

ఇక యూనిట్ మీట సంగతి. ఒకసారి నొక్కితే ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) హెర్ట్జ్‌గా మారుతుంది, ఇంకోసారి నొక్కితే సెకనుకు రేడియన్లుగా (రేడియన్ అంటే కోణం కొలత). గొడవంతా ఇక్కడే. మా దగ్గర ఐటీఐ చదివి కొత్తగా చేరిన కుర్రవాడు బ్లోయర్ మోటారు దగ్గర నిలబడి, “అన్నా, డ్రైవ్‌లో 50 హెర్ట్జ్ ఉంది, ఇందులో 24 వస్తోంది. సగం కరెంటు ఎక్కడికి పోయింది?” అని అడిగాడు. కరెంటు ఎక్కడికీ పోలేదు. డ్రైవ్ అంటే మోటారు వేగాన్ని మార్చే పెట్టె, అది చూపేది మోటారులోకి వెళ్లే కరెంటు ఫ్రీక్వెన్సీ. మీటర్ చూపేది షాఫ్టు సెకనుకు తిరిగే చుట్లు. రెండింటికీ హెర్ట్జ్ అనే రాస్తారు.

అది నాలుగు పోళ్ల (అయస్కాంత ధ్రువాల) మోటారు. అందులో కరెంటు రెండు సైకిళ్లు పూర్తి చేస్తే లోపలి అయస్కాంత క్షేత్రం ఒక చుట్టు తిరుగుతుంది. 50 హెర్ట్జ్‌కు సెకనుకు 25 చుట్లు, అంటే 1,500 ఆర్‌పీఎం. రోటర్ ఆ క్షేత్రం కంటే కాస్త వెనకే ఉంటుంది, దాన్నే స్లిప్ అంటాం. అందుకే నేమ్‌ప్లేట్ మీద 1,440 అని కొడతారు. 1,440ని 60తో భాగిస్తే 24. కుర్రవాడికి ఒకటే సూత్రం రాయించాను: 120ని హెర్ట్జ్‌తో గుణించి పోళ్లతో భాగించు. రెండు పోళ్లకు 3,000, నాలుగుకు 1,500, ఆరుకు 1,000. పూర్తి లోడులో వీటి నుంచి మూడు, నాలుగు శాతం తగ్గించుకో. మీటర్‌లోని మీట చేసేది 60తో భాగించడం వరకే, పోళ్ల సంగతి దానికి తెలియదు. కాబట్టి ఆ మీటతో డ్రైవ్‌ను సరిచూడబోతే తికమకే మిగులుతుంది.

జనరేటర్ దగ్గర మాత్రం స్లిప్ బాధ లేదు. అందులో కరెంటు పుట్టించే నాలుగు పోళ్ల ఆల్టర్నేటర్ 1,500 తిరిగితే సరిగ్గా 50 హెర్ట్జ్, ప్రతి 30 చుట్లకు ఒక హెర్ట్జ్. ప్యానెల్ మీద ఫ్రీక్వెన్సీ మీటర్ పాడైనప్పుడు ఇంజను పుల్లీకి టేపు అంటించి దీంతోనే నెట్టుకొచ్చాం. లోడు లేనప్పుడు 1,560, అంటే 52 హెర్ట్జ్. లోడు పడ్డాక 1,500కు దిగితే ఇంజను వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ బాగున్నట్టే. 1,440కి దిగితే 48 హెర్ట్జ్ అన్నమాట, మెకానిక్‌ను పిలవాలి. మోటారుకు 1,440 ఆరోగ్యం, జనరేటర్‌కు అదే 1,440 జ్వరం.

నాకు దీని డబ్బు గిట్టింది బెల్టుల దగ్గర. మోటారు పుల్లీ ఆరు అంగుళాలు, అవతలిది పన్నెండు. మోటారు 1,440 తిరుగుతుంటే అవతల 720 రావాలి. ఒక ఎలివేటర్ గేరు బాక్సు వైపు 680 వచ్చింది. మోటారు సరైన వేగంలోనే ఉంది కనుక పోయిన 40 చుట్లు బెల్టు జారినవే. బిగిస్తే 710కి వచ్చింది. ఇంతకుముందు ఇలాంటిది మోటారు మీదకు నెట్టి రీవైండింగ్‌కు పంపేవారు.

షెల్లర్ దగ్గర దీని ఉపయోగం సగమే. అక్కడ రెండు రబ్బరు రోలర్లు వేర్వేరు వేగాలతో ఎదురెదురుగా తిరిగితేనే ఊక ఊడుతుంది. మాది ఒకటి 1,050, ఇంకొకటి 820. చుట్లు కొలవడం బాగానే ఉంది గానీ, గింజకు తగిలేది రబ్బరు ఉపరితల వేగం. పది అంగుళాల కొత్త రోలరు 1,050 చుట్ల దగ్గర సెకనుకు దాదాపు 14 మీటర్లు. అరిగి 220 మిల్లీమీటర్లకు వచ్చాక, అవే చుట్ల దగ్గర 12 మీటర్లే. మీటర్ మాత్రం రెండుసార్లూ 1,050 అనే చూపుతుంది. ఉపరితలం మీద ఆనించి కొలిచే చక్రం ఉన్న మోడల్ ఇంకొంచెం ఖరీదు. షెల్లర్ కోసమే కొనేవారు అదే తీసుకోండి.

రేడియన్ల యూనిట్ మా పనిలో ఎందుకూ కొరగాదు. 1,440ని అది 150.8 అని చూపుతుంది. టార్కు (తిప్పే బలం) లెక్క వేసే ఇంజనీర్లకు అక్కరకొస్తుంది: 7.5 కిలోవాట్లను దానితో భాగిస్తే దాదాపు 50 న్యూటన్ మీటర్లు. మిల్లులో ఆ లెక్క ఎవరూ అడగరు.

తగ్గించిన నక్షత్రం యూనిట్ మీట ఉన్నందుకు కాదు, అది ప్రవర్తించే తీరుకు. మీటర్‌ను ఆపి మళ్లీ వేస్తే కిందటిసారి ఏ యూనిట్‌లో ఉందో అందులోనే మేలుకుంటుంది. యూనిట్ పేరు తెర మూలన ఆవగింజంత అక్షరాల్లో ఉంటుంది. వెనక లైటు లేదు. రాత్రి షిఫ్టులో ఎవరో హెర్ట్జ్‌లో వదిలేసిన మీటర్ ఇంకొకరి చేతికి వస్తే 1,050 బదులు 17.5 చూసి షెల్లర్ ఆగిపోతోందని కేకలు పెడతారు. నేను స్కెచ్ పెన్నుతో డబ్బా మీద “మూలన చూడు” అని రాసిపెట్టాను. ఇచ్చిన కాగితంలో తెలుగు లేదు, ఉన్న ఇంగ్లీషూ అర్థం కాదు. 9 వోల్టుల బ్యాటరీ మీరే కొనుక్కోవాలి.

టేపు అంటించేటప్పుడు మోటారు ఆపి, ఫ్యూజులు తీసి, షాఫ్టును గుడ్డతో నూనె లేకుండా తుడవండి. చుట్టూ లోహం మెరుస్తుంటే నల్ల మార్కర్ పూసి, ఆ నలుపు మీద చిటికెన వేలి గోరంత టేపు ముక్క. ఎలివేటర్ పై పుల్లీలా నెమ్మదిగా తిరిగేవాటికి సమాన దూరంలో నాలుగు ముక్కలు అంటించి, వచ్చిన అంకెను నాలుగుతో భాగిస్తే తెర త్వరగా స్థిరపడుతుంది. వాళ్లిచ్చే టేపు చాలా తక్కువ. అయిపోతే సైకిళ్ల దుకాణంలో వెనక మడ్‌గార్డుకు అంటించే రిఫ్లెక్టర్ స్టిక్కర్ అడగండి. తెల్లదైతే మేలు.