ఐదేళ్ల తర్వాత తిరిగొచ్చినవాడు: ‘సూపర్‌మ్యాన్ రిటర్న్స్’ ఇన్నేళ్లు చూశాక

మా నాయన కువైట్‌కు పోయినప్పుడు నాకు ఆరేళ్లు. తిరిగొచ్చేసరికి పదకొండు. కడపలో ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి కాబట్టి అదేం వింత కాదు. కానీ 2007లో ఏడురోడ్ల దగ్గర ఒక షాపులో డీవీడీ అద్దెకు తెచ్చుకుని ఈ సినిమా పెట్టుకున్నప్పుడు మొదటి పది నిమిషాల్లోనే గొంతు పట్టుకుంది. సూపర్‌మ్యాన్ ఎవరికీ చెప్పకుండా పోయి, ఐదేళ్లకు తిరిగొస్తాడు. ఆయన లేకపోయినా అందరి బతుకులూ నడిచిపోతుంటాయి. ఆయన ప్రేమించిన విలేకరి లోయిస్‌కు ఒక కొడుకు, పెళ్లి చేసుకోబోయే మనిషి రిచర్డ్. పైగా ‘లోకానికి సూపర్‌మ్యాన్ ఎందుకు అక్కర్లేదు’ అని ఆమె రాసిన వ్యాసానికి పత్రికల వాళ్లకిచ్చే పెద్ద బహుమతి పులిట్జర్ కూడా వస్తుంది.

అప్పట్నుంచి కనీసం పదిసార్లు చూసుంటాను.

1987లో నాలుగో భాగం దెబ్బతిన్నాక 19 ఏళ్లపాటు సూపర్‌మ్యాన్ సినిమానే రాలేదు. 2006లో దర్శకుడు బ్రయాన్ సింగర్ కథను కొత్తగా మొదలుపెట్టకుండా, పాత మొదటి రెండు సినిమాల తర్వాత జరిగినట్టు తీశాడు. జాన్ విలియమ్స్ పాత ట్యూన్‌నే మళ్లీ వాడాడు. పాత సినిమాలో సూపర్‌మ్యాన్ తండ్రిగా చేసి, అప్పటికే చనిపోయిన మార్లన్ బ్రాండో గొంతును తెచ్చిపెట్టాడు. పాత సూపర్‌మ్యాన్ క్రిస్టఫర్ రీవ్ దంపతులకు సినిమాను అంకితమిచ్చాడు. ఆ భక్తి నాకు మొదట్లో చాలా నచ్చింది. ఇప్పుడు చూస్తే సినిమాను కట్టేసిన తాడు కూడా అదే అనిపిస్తుంది. సూపర్‌మ్యాన్‌గా చేసిన బ్రాండన్ రౌత్ మంచి నటుడు, మామూలు మనిషిలా తిరిగే క్లార్క్‌గా ఆ బెరుకు, ఆ తడబాటు బాగా పట్టుకున్నాడు. కానీ ప్రతి సీన్‌లోనూ రీవ్‌లాగే కనబడాలి, తనలాగా ఉండే వీల్లేదు. లోయిస్‌గా కేట్ బోస్వర్త్ వయసు మాత్రం అస్సలు కుదరలేదు. ఐదేళ్ల పిల్లాడి తల్లి, అంత పేరున్న విలేకరి అంటే నమ్మబుద్ధి కాదు.

విమానం సీన్ గురించి ఎంత చెప్పినా తక్కువే. స్పేస్ షటిల్‌ను మోసుకెళ్తున్న విమానం అదుపు తప్పి కిందికి దూసుకొస్తుంది. ఆపబోయి రెక్క పట్టుకుంటే అది ఊడి చేతికొస్తుంది. చివరికి ముక్కు దగ్గర భుజం ఆనించి, బేస్‌బాల్ మైదానం నడిమధ్యలో మెల్లగా దించుతాడు. విమానం బరువు మన భుజాల మీద పడినట్టుంటుంది. ఈ మధ్య సూపర్‌హీరో సినిమాల్లో ఊళ్లకు ఊళ్లు కూలిపోతున్నా నాకు ఇంత టెన్షన్ రాలేదు.

నన్ను ఎక్కువగా పట్టి ఉంచింది మాత్రం రిచర్డ్. జేమ్స్ మార్స్‌డెన్ చేసిన ఆ పాత్రను చెడ్డవాడిగా మార్చడం చాలా తేలిక. వీళ్లు ఆ పని చేయలేదు. పిల్లాణ్ని రోజూ చూసుకున్నది అతనే, కష్టం వస్తే ఎదురెళ్లేదీ అతనే. మా ఇంట్లో ఆ పని మా అబ్బ, అంటే నాయన వాళ్ల నాయన, చేశాడు. నాకు సైకిల్ నేర్పింది ఆయనే. నాయన తిరిగొచ్చిన కొత్తలో ఏదన్నా అడగాలంటే అబ్బ దగ్గరికే పోయేవాణ్ని. అది నాయనకు ఎంత కష్టంగా ఉండిందో నాకు ఈ సినిమా చూశాకే అర్థమైంది.

విలన్ లెక్స్ లూథర్ కథ మొదలవగానే ఇదంతా వెనక్కి పోతుంది. 1978లో భూముల కోసం వేసిన పథకాన్నే మళ్లీ వేశాడు, కాకపోతే ఈసారి సముద్రంలో కొత్త ఖండం. తన బలాన్ని లాగేసే ఆ నేల మీద నడవడానికే ఓపిక లేని సూపర్‌మ్యాన్, సూర్యుడి దగ్గర బలం తెచ్చుకుని దాన్నంతా ఎత్తి ఆకాశంలోకి విసిరేస్తాడు. ఎన్నిసార్లు చూసినా నాకు ఒప్పుదల కాలేదు. 154 నిమిషాల్లో ఆఖరి గంట సాగదీతే. ఇంకోటి, లోయిస్ ఇంటి బయట గాల్లో నిలబడి, గోడల్లోంచి వాళ్ల సంసారాన్ని చూస్తూ మాటలు వినడం. ఐదేళ్లు చెప్పకుండా పోయినవాడు తలుపు తట్టాలి కదా.

పోయిన ఎండాకాలం నాయనతో కలిసి చూశాను. లోయిస్ కొడుకు నిజానికి సూపర్‌మ్యాన్ బిడ్డే. నిద్రపోతున్న ఆ పిల్లాడి పక్కన సూపర్‌మ్యాన్ తన తండ్రి మాటలు చెప్పే సీన్‌లో నాయన టీవీ వైపు చూడలేదు. “ఆ పిల్లోడికి పొద్దున లేస్తే ఎవరు చెప్తారు?” అని మాత్రం అడిగాడు.

దానికి సినిమాలో జవాబు లేదు. రెండో భాగం తీయలేదు. 2013లో ఇంకో నటుడితో కథంతా మొదటికి వచ్చింది. రిచర్డ్‌కు నిజం తెలిసిందా, పిల్లాడు ఎవరిని నాయనా అని పిలిచాడు? ఈ సినిమా మీద నాకున్న అన్ని ఫిర్యాదుల్లో పెద్దది ఇదే.