దుంగల దొర ఊళ్లో మూడు రాత్రులు

గంగోత్రికి వెళ్లే తెలుగు యాత్రికుల్లో చాలామంది దారిలోని హర్సిల్ ఊరిని బస్సు కిటికీలోంచే చూస్తారు. ఉత్తరకాశీలో చీకటితోనే బయలుదేరి, మధ్యాహ్నానికి గంగోత్రిలో దర్శనం ముగించుకుని, పొద్దుగూకేలోపు మళ్లీ ఉత్తరకాశీ చేరుకోవడం ప్యాకేజీ టూర్లవారి పద్ధతి. 2024 అక్టోబరు రెండో వారంలో నేనూ, 72 ఏళ్ల మా మేనమామా ఆ పద్ధతిని పక్కనపెట్టి హర్సిల్‌లో మూడు రాత్రులు ఉన్నాం. అందుకు కారణం ఫ్రెడరిక్ విల్సన్ అనే ఇంగ్లిషు కలప వ్యాపారి. మా అమ్మ పుట్టింటివారికి ఒకప్పుడు రాజమహేంద్రవరంలో కలప అడితి ఉండేది. ఎగువ అడవుల నుంచి గోదావరి మీద వచ్చిన దుంగలను ఒడ్డుకు లాగి, కొలిచి, కోయించి అమ్మిన ఇంట్లో పెరిగిన మావయ్యకు విల్సన్ కథ ఎవరి నోటనో చెవిన పడింది. "ఏట్లో దుంగలు వదిలి రాజనిపించుకున్నాడంటే వాడి ఊరు చూడాల్సిందేరా" అని ఆయనే పట్టుబట్టారు.

విల్సన్ యార్క్‌షైర్‌లోని వేక్‌ఫీల్డ్‌వాడు. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి, అఫ్గాన్ యుద్ధం రోజుల్లో అక్కడి నుంచి పారిపోయి భాగీరథి లోయకు వచ్చాడని అతని గురించి ప్రచారంలో ఉన్న కథ. మొదట్లో కస్తూరి మృగాలనూ, మోనాల్ పక్షులనూ వేటాడి కస్తూరి, చర్మాలు అమ్ముకుని బతికాడు. 1850లో టెహ్రీ గఢ్వాల్ రాజు సుదర్శన్ షా దగ్గర అడవిని గుత్తకు తీసుకోవడంతో అతని దశ తిరిగింది. ఆ తర్వాత మూడేళ్లకే బొంబాయి, ఠాణేల మధ్య మొదటి ప్రయాణికుల రైలు నడిచింది. పట్టాలు పెరిగేకొద్దీ వాటి కింద పరిచే స్లీపర్లకు గిరాకీ పెరిగింది. నూనె శాతం ఎక్కువ కాబట్టి చెదకూ, కుళ్లుకూ తట్టుకునే దేవదారు ఆ పనికి సరిగ్గా సరిపోయింది. కొండవాలుల్లో కొట్టిన కలపను విల్సన్ భాగీరథిలోకి దించి హరిద్వార్ వరకు నీటి మీదే పంపించాడు. బండ్లు నడిచే బాటైనా లేని చోటి నుంచి మైదానానికి సరుకు చేర్చిన ఆ ఉపాయమే అతని సంపదకు మూలం.

హర్సిల్ వంతెన దగ్గర మావయ్య చాలాసేపు నిలబడిపోయారు. గోదావరిలో తెప్పలు కట్టి తెచ్చేవాళ్లని, పచ్చి టేకు బరువుకు మునిగిపోతుంది కాబట్టి వెదురు బొంగులు జతచేసేవాళ్లని ఆయన చిన్నతనంలో విన్న మాట. ఇక్కడి నీటి ఉరవడిలో, బండల మధ్య తెప్ప నిలవదు. దేవదారు తేలిక కలప కాబట్టి హిమాలయ నదుల్లో దుంగలను విడివిడిగా వదిలేసేవారు. ఎవరి సరుకో గుర్తుపట్టడానికి దుంగ కొసన సుత్తితో ముద్ర కొట్టేవారు. బండల్లో ఇరుక్కున్న వాటిని, గాలి ఊదిన తోలుతిత్తుల మీద తేలుతూ వెళ్లిన మనుషులు విడదీసేవారు. "ముద్ర చెరిపి అమ్ముకున్న దొంగలు ఇక్కడా ఉండే ఉంటారు" అన్నారు మావయ్య. అడితి లెక్కలు రాసినవాడికి తప్ప ఇంకెవరికీ రాని అనుమానం అది.

ఇక బస సంగతి. మొదటి రాత్రికి ఆన్‌లైన్‌లో ఒక హోమ్‌స్టే తీసుకున్నాం. పేరు చెప్పను. "విల్సన్ కాలపు దేవదారు గది" అని ఫొటోతో సహా పెట్టారు. లోపలికి వెళ్లగానే మావయ్య గోడను వేలి కణుపుతో రెండు చోట్ల తట్టి, మంచం పక్కన ఊడిన అంచును గోటితో పైకెత్తి చూపించారు. ప్లైవుడ్ మీద చెక్క గీతలు అచ్చేసిన కాగితం అంటించి ఉంది. అది నవ్వుకుని వదిలేయదగ్గ విషయమే. కానీ గది మూడో అంతస్తులో ఉండటం, మెట్లకు చేతికమ్మి లేకపోవడం, వేడినీళ్లు ఉదయం ఏడు తర్వాత బకెట్‌తో మాత్రమే రావడం వయసు పైబడినవారికి నవ్వే విషయాలు కావు. రాత్రికి 1,800 రూపాయలు ఇచ్చి, తెల్లవారగానే సామాను సర్దుకున్నాం.

మిగిలిన రెండు రాత్రులూ నది ఒడ్డున ఉన్న గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వారి టూరిస్ట్ రెస్ట్ హౌస్‌లో ఉన్నాం. అక్కడ అలంకారాలేమీ లేవు, గది నేలమట్టానికే ఉంది, దుప్పట్లు బరువైనవి, కిటికీ తెరిస్తే నది హోరు తప్ప మరో శబ్దం లేదు. భోజనంలో రాజ్మా, అన్నం, చపాతీలు, ఒక కూర. పప్పూ పచ్చడీ లేనిదే ముద్ద దిగనివారు ఆవకాయ సీసా వెంట తెచ్చుకోవడం మంచిది. పెద్దవాళ్లతో వెళ్లేవారికి నా సలహా ఈ ఒక్కటే: హర్సిల్ 8,500 అడుగులకు పైనే ఉంది, అక్టోబరు రాత్రుల చలి ఎముకలు కొరుకుతుంది, కాబట్టి గదిని ఫొటో చూసి కాక మెట్లూ వేడినీళ్లూ అడిగి ఎంచుకోవాలి.

విల్సన్ జాడ కోసం వెళ్లేవారు ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. అతను ఇక్కడ కట్టుకున్న పెద్ద కలప బంగళా 1997లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఆ స్థలంలో ఇప్పుడు అటవీశాఖ విశ్రాంతి గృహం ఉంది. దాన్ని చూపిస్తానని వచ్చిన ఒక కుర్రాడు మా దగ్గర 500 రూపాయలు తీసుకుని, గేటు బయటి నుంచి కొత్త పైకప్పు చూపించి వెనక్కి తీసుకొచ్చాడు. ఆ డబ్బు మీరు ఖర్చు పెట్టనక్కర్లేదు.

అతను మిగిల్చినవి ఊళ్లో వేరేచోట్ల ఉన్నాయి, ముఖ్యంగా కంచంలో. ఈ లోయకు ఆపిల్ చెట్లను, రాజ్మా గింజలను తెచ్చి సాగు చేయించింది విల్సనే అని ఇక్కడివారు చెబుతారు. ఒక ఆపిల్ రకాన్ని ఇప్పటికీ విల్సన్ పేరుతోనే పిలుస్తారు. హర్సిల్ రాజ్మా మన బజార్లలో దొరికే ముదురెరుపు రకం కన్నా మెత్తగా ఉడుకుతుంది, తొక్క నోటికి తగలదు. కిలో 300 రూపాయలు పెట్టి రెండు కిలోలు కొన్నాను.

విల్సన్ వట్టి వ్యాపారిగా ఉండిపోలేదు. తన పేరుతో టోకెన్ నాణేలు వేయించి కూలీలకు అవే ఇచ్చేవాడు, అవి ఈ లోయలో డబ్బుగా చెల్లాయి. కూలి ఇచ్చేదీ, ఆ కూలిని సరుకుగా మార్చుకునే నాణెం వేసేదీ ఒకే మనిషి అయినప్పుడు రాజు ఎక్కడో టెహ్రీలో ఉన్నా పెత్తనం హర్సిల్‌లోనే ఉంటుంది. జనం అతన్ని హుల్సన్ సాహెబ్ అనీ, పహాడీ విల్సన్ అనీ, చివరికి హర్సిల్ రాజా అనీ పిలిచారు. ఓట్లూ ఎన్నికలూ లేని కాలంలో స్థానిక రాజకీయం ఇలాగే నడిచింది కాబోలు: దారి వేసినవాడు, పని ఇచ్చినవాడు, తగువు తీర్చినవాడు ఒక్కడే. మన ఏజెన్సీ గ్రామాల్లో కలప కాంట్రాక్టరు మాట ఎంత చెల్లేదో ఎరిగిన మావయ్యకు ఇదేమీ వింతగా తోచలేదు. 1860ల మధ్యలో బ్రిటిష్ ప్రభుత్వమే టెహ్రీ అడవులను గుత్తకు తీసుకుంది. 1864లో ఏర్పడిన అటవీశాఖ మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ డీట్రిచ్ బ్రాండిస్ కాలం అది. విల్సన్ లాంటివారి ఇష్టారాజ్యానికి అడ్డు పడింది నిజమే గానీ, నరకడం ఆగలేదు. నరికించే చేయి మారింది, అంతే.

రెండో రోజు ఉదయం బగోరీకి నడిచాం. హర్సిల్ నుంచి కిలోమీటరు దూరం, దారి దాదాపు చదునుగా ఉంటుంది, మావయ్య కర్ర సాయంతో సులువుగా వచ్చారు. 1962 చైనా యుద్ధం తర్వాత సరిహద్దు దగ్గరి నేలంగ్, జాదుంగ్ గ్రామాల నుంచి దిగివచ్చిన జాడ్ భోటియా తెగవారు ఇక్కడ స్థిరపడ్డారు. ఈ మొత్తం ప్రయాణంలో అసలైన దేవదారు పనిని దగ్గర నుంచి చూసింది ఇక్కడే. ఒక ఇంటి వసారాలో గడపకు వాడిన దూలం మీద మావయ్య అరచేయి ఆనించి, కొస దగ్గర వలయాలను గోటితో లెక్కపెడుతూ వెళ్లి, వంద దాటాక ఆపేశారు. ఎండకు బూడిదరంగు తిరిగిన ఆ చెక్క పగులులో ముక్కు పెడితే ఇంకా వాసన వస్తోంది. ఆ ఇంటి పెద్దావిడ మా వాలకం చూసి నవ్వి, టీ పోసి ఇచ్చింది. బగోరీలో ఊలు మేజోళ్లు, శాలువాలు ఇళ్ల ముందే అమ్ముతారు. మస్సూరీ దుకాణాల్లో కొనే బదులు ఇక్కడే కొనండి.

ముఖ్‌బా ఊరికి కారులో వెళ్లాం. దీపావళి తర్వాత గంగోత్రి ఆలయం మూసేసినప్పుడు గంగామాత ఉత్సవమూర్తిని తెచ్చి శీతాకాలమంతా పూజించేది ఇక్కడే. విల్సన్ పెళ్లాడిన గులాబీ ఈ ఊరి పిల్ల. ఆమెది డప్పు వాయించేవారి కుటుంబమని చెబుతారు. ఇంగ్లిషువాడు గంగోత్రి అర్చకుల ఊరైన ముఖ్‌బా నుంచి, అదీ అర్చకులు కాని కుటుంబం నుంచి పిల్లను చేసుకోవడం గురించి ఆ రోజుల్లో ఎవరేమనుకున్నారో గానీ, ఇప్పుడు మాత్రం ఊరివారు ఆ సంబంధాన్ని సంకోచం లేకుండా చెప్పుకుంటున్నారు. అతని కొడుకు నత్తూ పేరెత్తితే గొంతు మారుతుంది. తండ్రి సంపాదించిన అధికారాన్ని కొడుకు జులుంగా మార్చాడనీ, దేవత శాపం తగిలి వంశం నిలవలేదనీ ఇక్కడి కథ. శాపం మాట ఎలా ఉన్నా, ముఖ్‌బా చెక్క ఇళ్ల మధ్య నుంచి కనిపించే మంచుకొండల కోసమైనా ఆ ఊరికి ఒక పూట కేటాయించాలి.

ముఖ్‌బాకు ఎదురుగా, నదికి అవతల ధరాలీ ఉంది. ఆపిల్స్ అక్కడే ఒక తోటలో కోయించి పెట్టె కట్టించుకున్నాం. ఇది రాసే సమయానికి ఆ ఊరి బజారు లేదు. 2025 ఆగస్టు 5న ఖీర్ గంగ అనే వాగు ఒక్కసారిగా మోసుకొచ్చిన బురదా బండరాళ్ల కింద ధరాలీ ఇళ్లు, హోటళ్లు, తోటలు చాలా వరకు పూడిపోయాయి. మనుషులు పోయారు. హర్సిల్‌లోని సైనిక శిబిరం కూడా దెబ్బతింది. కాబట్టి ఈ దారి గురించి, బసల గురించి నేను చెబుతున్నది అంతకు ముందటి అనుభవమని గమనించి, బయలుదేరే ముందు రోడ్డు పరిస్థితి ఉత్తరకాశీలో విచారించుకుని వెళ్లండి.

మూడో రోజు గంగోత్రి. హర్సిల్ నుంచి సుమారు 25 కిలోమీటర్లు. చార్‌ధామ్ యాత్ర రిజిస్ట్రేషన్ కాగితం ఫోన్‌లో ఉంచుకుని సరిపెట్టుకోకుండా ప్రింట్ తీసుకోవడం మంచిది, నా ఫోన్ ఈ దారిలో సగం సేపు మూగబోయింది. సీజను చివరి రోజులు కావడంతో దర్శనం అరగంటలో అయింది.

దారిలో భైరోంఘాటీ దగ్గర జాడ్ గంగ లోయను దాటించే లంకా వంతెన మీద దిగి చూశాం. ఈ లోయను దాటడానికి విల్సన్ ఒక వేలాడే వంతెన కట్టించాడు. అది ఊగడం చూసి జనం అడుగుపెట్టడానికి భయపడితే, తానే గుర్రమెక్కి అటూ ఇటూ పరుగెత్తించి చూపించాడట. వెన్నెల రాత్రుల్లో ఆ గిట్టల చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుందని మా డ్రైవరు ఎంతో నమ్మకంగా చెప్పాడు గానీ, చీకటి పడ్డాక ఆ దారిన బండి నడపడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఈ వంతెన దగ్గరి నుంచే గర్తంగ్ గలీకి నడకదారి మొదలవుతుంది. నిలువు కొండచరియకు ఆనించి కట్టిన ఆ చెక్క మెట్లదారి ఒకప్పుడు టిబెట్ వర్తకుల బాట, మరమ్మతుల తర్వాత 2021లో మళ్లీ తెరిచారు. మావయ్యను టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టి నేనొక్కణ్ణే వెళ్లాను. మోకాళ్లు గట్టిగా ఉన్నవారు దీన్ని వదులుకోకూడదు. కాళ్ల కింద పలకల సందుల్లోంచి అడుగున నది కనిపిస్తుంది కనుక కళ్లు తిరిగేవారు మాత్రం వెళ్లకూడదు.

తిరుగు ప్రయాణంలో మస్సూరీలో ఒక రాత్రి ఆగాం. విల్సన్ 1883లో ఇక్కడే చనిపోయాడు. కేమల్స్ బ్యాక్ రోడ్డు శ్మశానంలో అతని సమాధి ఉంది. మేము వెళ్లిన పూట గేటు మూసి ఉండటంతో కంచె ఇవతలి నుంచి దేవదార్ల నీడలో శిలువలు చూసి వచ్చేశాం. లోపలికి వెళ్లాలంటే ముందే అనుమతి సంగతి కనుక్కోవాలి. ఒకప్పటి షార్లెవిల్ హోటల్ ఆవరణలో 1959 నుంచి ఐఏఎస్ అధికారుల శిక్షణ అకాడమీ నడుస్తోంది. మన జిల్లాలకు వచ్చే కలెక్టర్లందరూ పాఠాలు నేర్చుకునేది అక్కడే. ఆ హోటల్ కట్టించింది విల్సనే అని కొందరు, ఒక జనరల్ అని కొందరు చెబుతారు. గేటు దాటనివ్వరు, కాబట్టి దానికోసం ప్రత్యేకంగా టాక్సీ మాట్లాడుకోవద్దు. మాల్ రోడ్డు రద్దీ, గది అద్దె చూస్తే మస్సూరీలో ఆ ఒక్క రాత్రే ఎక్కువనిపించింది, అదే డబ్బుతో హర్సిల్‌లో రెండు రాత్రులు ఉండొచ్చు.

ఇంటికి వచ్చాక ఆపిల్ పెట్టె విప్పాం. అడుగు వరసలో నాలుగు కాయలు నలిగాయి, మిగిలినవి బాగున్నాయి. ఇదివరకు ఇవి చెక్కపెట్టెల్లో వచ్చేవని, పెట్టె పలకలే విడిగా అమ్ముకునేవాళ్లని అంటూ మావయ్య అట్టపెట్టెను వెల్లకిలా తిప్పి, దాని మీద కొట్టిన తోట ముద్రను బొటనవేలితో తడిమారు. పళ్లు పిల్లలకు వదిలేసి, ఖాళీ పెట్టెను అటక ఎక్కించారు. దాని మీద ధరాలీ అని హిందీలో ఉంది.