ఫ్రాన్స్‌లో లాండ్ ప్రాంతానికి వెళ్తే మార్కేజ్ మ్యూజియం చూడండి, ‘పాత కౌలు ఇల్లు’ బుక్ చేయకండి

నాన్న బోర్డో వచ్చారని, ఆయన ముప్పై ఏళ్ళు కౌలు చేసిన మనిషి కదా అని ‘19వ శతాబ్దపు కౌలురైతు ఇల్లు’ ఒకటి బుక్ చేశాను. రాత్రికి 118 యూరోలు. తీరా వెళ్తే సిమెంటు గోడలకి చెక్కలు అతికించిన కొత్త ఇల్లు. పొయ్యి ఉండాల్సిన చోట టీవీ. పొద్దున బయల్దేరేటప్పుడు శుభ్రం చేసినందుకట, ఇంకో 45 యూరోలు కట్టమన్నారు. బుకింగ్‌లో ఆ మాటే లేదు. అదే అడిగితే యజమాని నా ముఖం కూడా చూడకుండా కార్డు మిషన్ ముందుకు తోశాడు. నాన్న ముందు గొడవెందుకని కట్టేశాను. ఆయనకి అర్థమైపోయింది. సాబ్ర్ స్టేషన్ వచ్చేదాకా నోరు విప్పలేదు.

మార్కేజ్ అంటే పాత పల్లె ఇళ్ళతో ఉన్న ఆరుబయటి మ్యూజియం. అక్కడికి కారు వెళ్ళదు. సాబ్ర్ నుంచి పాత రైల్లో పైన్ చెట్ల మధ్యగా వెళ్ళాలి. దిగితే ఓక్ చెట్ల నీడలో పచ్చిక, దూరదూరంగా ఇళ్ళు. యజమానిది, కౌలురైతుది, కూలివాళ్ళది. ఏది ఎవరిదో ఎవరూ చెప్పక్కర్లేదు.

నాన్న మొదటి ప్రశ్న: “పంటలో యజమాని పాలెంతమ్మా?”

ఇక్కడి పాత కౌలు పద్ధతిని మెతెయాజ్ అనేవారు. డబ్బు కౌలు కాదు, పంటలో పాలు. దానికి తోడు యజమానికి కోళ్ళు ఇవ్వాల్సి వచ్చేది, ఊరికే చాకిరీ చేయాల్సి వచ్చేది. యజమానితో పొసగకపోతే నవంబరు 11న, సెయింట్ మార్టిన్ పండుగకి, సామాను బండికెత్తి ఇంకో యజమాని దగ్గరికి మారిపోవడమే. బీళ్ళలో చెట్లు నాటాలన్న 1857 చట్టంతో గొర్రెల బీళ్ళు చాలావరకు పైన్ అడవులయ్యాక చాలామంది చెట్ల జిగురు తీసే పనిలో పడ్డారు, అందులోనూ పాలే. 1920లో కౌలురైతులు ఈ కోళ్ళూ చాకిరీ వద్దని తిరగబడ్డారు. 1946 చట్టంతో యజమాని పాలు మూడో వంతు దాటకూడదని, కౌలు 9 ఏళ్ళకి తగ్గకూడదని వచ్చింది.

“తొమ్మిదేళ్ళా? నాకు ఒక్క ఏడాదికీ కాగితం రాసివ్వలేదమ్మా” అన్నారు నాన్న. ఆ తొమ్మిదేళ్ళ మాట రెండుసార్లు చెప్పించుకున్నారు.

బసకి మోఁ ద మార్సాఁ పట్టణంలో మామూలు హోటల్ చూసుకోండి. బాతు మాంసం తినకపోతే భోజనం వెంట తీసుకెళ్ళండి, నాన్నకి దొరికింది 11 యూరోల ఆమ్లెట్ ఒక్కటే. మొదటి రైలుకే వెళ్ళండి. మేం మధ్యాహ్నానికి తిరిగొచ్చేద్దామనుకున్నాం, కానీ చివరి రైలు కూత వేసేదాకా నాన్న ఆ కౌలురైతు పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు.